గిరి ప్రదక్షిణ దూరం, దానిపైన మరో పది: విశాఖలో తొలి ఫుల్ మారథాన్‌కు సిద్ధమవడం ఎలా

ఫుల్ మారథాన్ పరిగెత్తాలని ఉందని ఎవరైనా అంటే, సింహాచలం గిరి ప్రదక్షిణ ఎప్పుడైనా చేశారా అని అడుగుతాను. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు కొండ కింద తొలిపావంచా (తొలి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, అడవివరం, హనుమంతవాక, జోడుగుళ్ళపాలెం, అప్పూఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ తిరిగి రావడం 32 కిలోమీటర్లు. మా పెదనాన్న పాతికేళ్ళుగా చెప్పుల్లేకుండా తిరుగుతున్నారు. నేను మొదటిసారి వెంట వెళ్ళినప్పుడు ముందు ముందుకు ఉరుకుతుంటే, "అమ్మాయీ, హనుమంతవాక దాకా అందరికీ కాళ్ళుంటాయి, గోపాలపట్నంలో ఎవరికి మిగిలాయో చూడు" అన్నారు. ఆ మాట విని కూడా నా మొదటి మారథాన్‌లో పది కిలోమీటర్లు 58 నిమిషాల్లో పరిగెత్తాను. ఆ కథ తర్వాత చెబుతాను.

మారథాన్ 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగును విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు ముగించడంతో వచ్చిన కొలత అది. 1921లో అదే ప్రమాణంగా స్థిరపడింది. మనకు పనికొచ్చే లెక్క మాత్రం వేరే ఉంది. కాలేయంలో, కండరాల్లో కలిపి మన ఒంట్లో దాగే గ్లైకోజన్ సుమారు 400 నుంచి 500 గ్రాములు, అంటే దాదాపు 2,000 క్యాలరీలు. పరుగులో కిలోమీటరుకు, కిలో బరువుకు ఒక క్యాలరీ చొప్పున ఖర్చవుతుంది. 65 కిలోల మనిషికి 42 కిలోమీటర్లకు 2,700 పైనే కావాలి. కొవ్వు కొంత ఆదుకుంటుంది కానీ, వేగం పెంచినకొద్దీ శరీరం గ్లైకోజన్‌నే ఎక్కువగా లాగుతుంది. అందుకే చాలామందికి 30, 32 కిలోమీటర్ల మధ్య ఉన్నట్టుండి కాళ్ళలో సీసం పోసినట్టు అవుతుంది. రన్నర్లు దీన్ని 'వాల్' అంటారు. సరిగ్గా గిరి ప్రదక్షిణ ముగిసే దూరం దగ్గర మారథాన్ మొదలవుతుందన్నమాట. ఇక్కడ చెప్పేదంతా ఆ చివరి పది కిలోమీటర్లకు ఏదో ఒకటి మిగుల్చుకోవడం గురించే.

ఒకటి: మొదలుపెట్టే ముందు

ఇంకా ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తలేని వారు ఈ సంవత్సరం ఫుల్ పెట్టుకోవద్దు. ముందు పది, ఆ తర్వాత హాఫ్ (21 కిలోమీటర్లు) పూర్తి చేయండి. వైజాగ్ నేవీ మారథాన్‌లో 42తో పాటు 21, 10, 5 కిలోమీటర్ల విభాగాలు కూడా ఉన్నాయి. ఇటీవలి సంవత్సరాల్లో అది నవంబరు, డిసెంబరు నెలల్లో జరుగుతోంది. ఆ లెక్కన పోటీ డిసెంబరులో పడితే ఆగస్టు మొదట్లో, నవంబరులో పడితే జులైలో సాధన మొదలుపెడితే 18 వారాలు దొరుకుతాయి.

నలభై దాటినవారు, బీపీ, షుగర్ ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండె జబ్బు వచ్చినవారు ముందుగా డాక్టరును కలవాలి. రోజూ వాకింగ్ చేస్తున్నాను కదా అని దీన్ని దాటేయకండి. వాకింగ్ వేరు, నాలుగైదు గంటలు గుండెను పరిగెత్తించడం వేరు.

బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండాలి. మీరు మామూలుగా వేసుకునే సైజు కంటే అర సైజో, ఒక సైజో ఎక్కువ పడితే కంగారుపడకండి. ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. 18 వారాల సాధనకే అంత దూరం అవుతుంది కాబట్టి, పోటీకి నెల ముందు అదే రకం రెండో జత కొని, రెండు మూడు లాంగ్ రన్లు (వారానికోసారి చేసే దూరపు పరుగులు) దానితో చేయండి. ఖరీదైన కార్బన్ ప్లేటు బూట్లు మొదటిసారికి అక్కర్లేదు.

రెండు: ఎక్కడ, ఏ వేళలో

విశాఖలో రన్నర్లకు దొరికిన వరం బీచ్ రోడ్డు. తెల్లవారుజామున వాకర్ల కోసం ఆర్కే బీచ్ దగ్గర కొంతసేపు వాహనాలను ఆపుతారు. కోస్టల్ బ్యాటరీ నుంచి కాళీ గుడి, కురుసుర సబ్‌మెరైన్, టీయూ-142 విమానం దాటి పార్కు హోటల్ వైపు వెళ్ళే రోడ్డు చాలావరకు చదునుగా ఉంటుంది. మొదటి ఆరు వారాలు అక్కడే అటూ ఇటూ తిరగండి. విసుగు పుడుతుంది. పుట్టనివ్వండి, నాలుగు గంటల విసుగును భరించడం కూడా సాధనలో భాగమే.

ఆ తర్వాత అప్పూఘర్ దాటండి. తెన్నేటి పార్కు దగ్గర రోడ్డు ఎత్తుకుంటుంది. కైలాసగిరి పాదం వెంట ఎక్కి, జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్ మీదుగా రుషికొండ వెళ్ళి తిరిగి వస్తే ఎత్తుపల్లాలు బాగా తెలిసివస్తాయి. ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేయండి, ఊపిరి పట్టుతప్పితే నడవండి. దిగేటప్పుడు మడమ మీద బ్రేకు వేసినట్టు పరిగెత్తితే తొడ ముందు కండరాలు దెబ్బతింటాయి. పోటీ తర్వాత నొప్పుల్లో సగం అలా దిగిన ఫలమే. భీమిలి దాకా ఒకవైపు పరిగెత్తి బస్సులో తిరిగి రావడం పాతిక కిలోమీటర్ల రోజుకు చక్కగా సరిపోతుంది. బస్సు టికెట్టుకు డబ్బులు, పొడి టీషర్టు ఒకటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకోండి. తడిసి ముద్దైన మనిషి పక్కన కూర్చుంటే ప్రయాణికులు చూసే చూపు నాకు బాగా పరిచయం.

ఇసుకలో పరిగెత్తితే కాళ్ళు గట్టిపడతాయని సలహాలు ఇస్తారు. కొత్తవారు ఆ పని చేయవద్దు. మెత్తటి ఇసుక పిక్కలను, మడమ వెనక నరాన్ని లాగేస్తుంది. నీళ్ళ అంచున ఇసుక గట్టిగా ఉన్నా సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది.

వాహనాలు తిరిగే చోట ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడివైపున పరిగెత్తండి. వెలుగు పడితే మెరిసే పట్టీ ఉన్న చొక్కా వేసుకోండి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి, నూటికి తొంభై సార్లు వాటి ఉత్సాహం అక్కడితో పోతుంది. ఆడవాళ్ళు చీకట్లో ఒంటరిగా కాకుండా ఒకరిద్దరితో కలిసి వెళ్ళడం మంచిది. మేము ముగ్గురం, ఒకరు రాకపోతే మిగతా ఇద్దరం వాళ్ళ గుమ్మం ముందు నిలబడి ఫోను చేస్తాం. అలారం కంటే అదే నమ్మకం.

మూడు: పద్దెనిమిది వారాలు

వారానికి నాలుగు రోజులు చాలు. మంగళ, గురు, శనివారాల్లో ఐదు నుంచి పది కిలోమీటర్లు. ఆదివారం లాంగ్ రన్. మిగిలిన రోజుల్లో ఒకటి పూర్తి విశ్రాంతి, ఒక రోజు ఇరవై నిమిషాల బలం పని. దానికి జిమ్ అక్కర్లేదు. బడిలో పంతులు గారు తీయించిన గుంజీలే తీయండి. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమలు పైకి లేపి దించండి, ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకోండి.

ఆదివారాల దూరం ఇలా పెంచండి. మొదటి నాలుగు వారాలు 10, 12, 14, 11. తర్వాతి నాలుగు 16, 18, 20, 14. ఆపైన 22, 24, 26, 18. పదమూడో వారం 28, పద్నాలుగో వారం 20, పదిహేనో వారం 30 నుంచి 32. ఆ తర్వాత 20, 12, ఇక పోటీ. ప్రతి నాలుగో వారం దూరం తగ్గడం పొరపాటు కాదు, ఒళ్ళు కోలుకునేది అప్పుడే. ఏదైనా ఆదివారం తుపాను మింగేస్తే (అక్టోబరులో బంగాళాఖాతం మన టైంటేబులు చూసి నడవదు) మరుసటి వారం రెండూ కలిపి పరిగెత్తాలని చూడకండి. పోయింది పోయినట్టే. 32 కిలోమీటర్ల రోజున నాలుగు గంటలు దాటితే దూరం ఎంతైనా సరే అక్కడే ఆపేయండి. ఆపైన దెబ్బలు తగలడమే తప్ప లాభం లేదు.

ఇక వేగం. నా అనుభవంలో కొత్తవారికి అన్నిటికంటే కష్టమైన పాఠం ఇదే. లాంగ్ రన్ నెమ్మదిగా చేయాలి. ఎంత నెమ్మదిగా? పక్కవారితో కూరల ధరల గురించి పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగేంత. ఐదు గంటల్లో పూర్తి చేయాలనుకుంటే పోటీ వేగం కిలోమీటరుకు 7 నిమిషాల 7 సెకన్లు. లాంగ్ రన్ వేగం 7:40 నుంచి 8:15 ఉండాలి. వాకింగుకు వచ్చిన పెద్దాయన దాటి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి. నెమ్మది పరుగులోనే గుండె, సన్నని రక్తనాళాలు, కొవ్వును ఇంధనంగా వాడుకునే అలవాటు పెరుగుతాయి. రోజూ ఆయాసపడుతూ పరిగెత్తితే పెరిగేది మోకాలి నొప్పి.

పరుగు, నడక కలిపే పద్ధతిని చిన్నచూపు చూడకండి. తొమ్మిది నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. 1972 ఒలింపిక్స్‌లో పది వేల మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాలోవే ప్రచారం చేసిన పద్ధతి ఇది. అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే మొదటి కిలోమీటర్ల నుంచే నడవాలి. కిటుకంతా అక్కడే ఉంది.

నొప్పుల విషయం క్లుప్తంగా. రెండు కాళ్ళలోనూ సమానంగా, కండరమంతా ఉండే నొప్పి సాధన వల్ల వచ్చేది, రెండు రోజుల్లో పోతుంది. ఒకే చోట, వేలు పెట్టి చూపించగలిగేలా, నడక తీరును మార్చేసే నొప్పి దెబ్బ. దాని మీద పరిగెత్తకండి. కాలి ముందు ఎముక మీద అలాంటి నొప్పి వారం దాటితే డాక్టరుకు చూపించాలి.

నాలుగు: చెమట ఊళ్ళో నీళ్ళ లెక్క

హైదరాబాదు, బెంగళూరు రన్నర్ల సలహాలు మనకు సగమే పనికొస్తాయి. కారణం గాలిలో తేమ. చెమట కారడం వల్ల ఒళ్ళు చల్లబడదు, ఆ చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. తీరంలో అది ఆవిరి కాకుండా బూట్లలోకి దిగుతుంది. ఆగస్టులో గంట పరిగెత్తాక నా బూట్లు చప్పుడు చేస్తాయి. కాబట్టి వర్షాకాలంలో గడియారం చూపే వేగాన్ని పట్టించుకోకండి, ఊపిరిని చూసుకోండి. నాలుగున్నరకే బయలుదేరండి. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రం మీంచి నేరుగా మొహం మీదికే వస్తాడు. టోపీ తప్పనిసరి.

మీ చెమట లెక్క మీరే తీయవచ్చు. ఒంటేలుకు వెళ్ళొచ్చి బరువు చూసుకుని, గంట పరిగెత్తి, ఒళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసుకోండి. తగ్గిన కిలోకు ఒక లీటరు, మధ్యలో తాగింది దానికి కలపాలి. నాకు 1.1 కిలోలు తగ్గింది, 300 మిల్లీలీటర్లు తాగాను, అంటే గంటకు 1.4 లీటర్లు. అంతా తిరిగి తాగాలని కాదు, తాగలేము కూడా. దాహం వేసినప్పుడల్లా రెండు మూడు గుక్కలు చాలు. నీళ్ళు ఎక్కువైతే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి, ప్రాణాపాయం కూడా. పరుగు మధ్యలో ఉంగరం బిగుసుకుంటున్నా, కడుపులో నీళ్ళు కదులుతున్నా తాగడం తగ్గించండి. నొప్పి తెలియకుండా ఐబుప్రొఫెన్ లాంటి మాత్ర వేసుకుని పరిగెత్తడం మూత్రపిండాలకు చేటు.

కొబ్బరి నీళ్ళు మంచివే. కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, మనం చెమటలో పోగొట్టుకునే సోడియం తక్కువ. లాంగ్ రన్‌లో ఓఆర్ఎస్ వాడండి. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసి, రాసినన్ని నీళ్ళలోనే కలపండి. ఇంటికొచ్చాక ఉప్పు వేసిన మజ్జిగకు సాటి లేదు.

ఐదు: తిండి

పరుగు గంటన్నర దాటితే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్ళాలి. రన్నర్లు చప్పరించే ఎనర్జీ జెల్ ప్యాకెట్ ఒకటి సుమారు 20 నుంచి 25 గ్రాములు, అరటిపండు ఒకటి పాతిక. నాకు జెల్ పడదు. అరటిపండుతో పాటు అనకాపల్లి బెల్లం ఉసిరికాయంత ముక్కలు రెండు, ఇది నా గంట కోటా. చెమటకు కరగకుండా బెల్లాన్ని బియ్యప్పిండిలో దొర్లించి చిన్న డబ్బాలో పెట్టుకుంటాను. ఒకసారి మాడుగుల హల్వా ప్రయత్నించాను. నెయ్యి కడుపులో తిష్ఠ వేసింది, సాగర్ నగర్ దగ్గర గుర్తుండిపోయే పది నిమిషాలు గడిపాను. దాన్ని పరుగు అయ్యాక తినండి. ఏది తిన్నా నాలుగైదు లాంగ్ రన్లలో కడుపుకు అలవాటు చేయాలి, మొదటి తిండి 45 నిమిషాలకే పడాలి. ఆకలి వేశాక తింటే ఆలస్యమైపోయినట్టే.

మన దగ్గర వచ్చే ఇంకో చిక్కు కార్తీక మాసం. పెద్ద లాంగ్ రన్లు సరిగ్గా ఆ ఆదివారాల్లోనే పడతాయి, మరునాడు సోమవారం ఉపవాసం. ఒళ్ళు కోలుకోవడానికి అన్నం, పప్పు, గుడ్డు అడిగే రోజున దాన్ని పస్తు పెట్టడం సరికాదు. లాంగ్ రన్‌ను శనివారానికి జరుపుకోండి, లేదా పళ్ళూ పాలూ తీసుకునే ఉపవాసంతో సరిపెట్టుకోండి. మా అత్తగారితో ఈ ఒప్పందానికి రెండు సంవత్సరాలు పట్టింది.

పోటీకి ముందు రెండు మూడు రోజులు అన్నం, ఇడ్లీ, బంగాళదుంప కొంచెం ఎక్కువ, పచ్చి కూరలు, పీచు తక్కువ. ముందురోజు రాత్రి ఏడింటికల్లా పెరుగన్నం లాంటి తేలిక భోజనం. ఆవకాయకు ఒక్కరోజు సెలవు. ఆఖరి రెండు వారాల్లో పరుగు తగ్గించినప్పుడు కాళ్ళు బరువుగా, ఎక్కడెక్కడో లేని నొప్పులు ఉన్నట్టుగా అనిపిస్తుంది. అది అందరికీ ఉండేదే. ఆ భయంతో చివరి వారంలో ఇంకో లాంగ్ రన్ చేసేవాళ్ళను చూశాను.

ఆరు: ఆ రోజు

చాలా చోట్ల ఫుల్ తెల్లవారుజామున నాలుగు, నాలుగున్నరకే మొదలవుతుంది. రెండున్నర గంటల ముందు లేచి, రెండు ఇడ్లీలో, అరటిపండూ బ్రెడ్డో తినండి. రాత్రి నిద్ర పట్టకపోయినా ఫరవాలేదు, దానికి ముందు రాత్రి బాగా పడుకుంటే చాలు. బిబ్ (మీ నంబరు ఉన్న చీటీ) చొక్కాకు ముందురోజే నాలుగు పిన్నులతో పెట్టుకోండి. తొడల మధ్య, చంకల్లో, లోదుస్తుల అంచులు తగిలే చోట వాజిలైన్ దట్టంగా రాయండి. మగవారికి ఛాతీ మీద చొక్కా ఒరుసుకుని రక్తం వస్తుంది, చిన్న ప్లాస్టర్ అంటించుకోవాలి. కొబ్బరినూనె గంటలో కరిగిపోతుంది, నమ్ముకోవద్దు. ఆ రోజు కొత్తది ఏదీ వేసుకోకూడదు. నిర్వాహకులు ఇచ్చిన కొత్త టీషర్టు కూడా.

చిప్పు మీరు గీత దాటాకే మీ సమయాన్ని లెక్కపెడుతుంది. కాబట్టి వెనక వరుసలో నిలబడండి, ముందు నిలబడితే ముందువాళ్ళ వేగం మీ కాళ్ళను లాక్కుపోతుంది. నాకు జరిగింది అదే. 7:07 వేగంతో పరిగెత్తాల్సినదాన్ని, డప్పులు, కేకలు, చల్లగాలి చూసి 5:50తో పరిగెత్తాను. ఒంట్లో ఏ కష్టమూ లేదు, అదే మోసం. 31వ కిలోమీటరు దగ్గర ఎడమ పిక్క పట్టేసింది. 34 దగ్గర ఫుట్‌పాత్ మీద కూర్చుని, ఎదురుగా బజ్జీల బండి తెరుస్తున్నాయనను చూస్తూ, ఈయన ఉద్యోగం ఎంత బాగుందో అనుకున్నాను. 5 గంటల 52 నిమిషాలకు చేరాను, ఎక్కువ భాగం నడిచి.

రెండోసారి 4:56. సాధన దాదాపు అంతే, మారింది మొదటి సగమే. మీరు కూడా మొదటి ఐదు కిలోమీటర్లు అనుకున్న వేగం కంటే 15, 20 సెకన్లు నెమ్మదిగా వెళ్ళండి. 30 దాకా అదుపులో ఉండండి, ఆపైన మిగిలింది ఖర్చు పెట్టండి. లక్ష్యం ఎంత పెట్టుకోవాలో తెలియకపోతే మీ హాఫ్ సమయాన్ని రెట్టింపు చేసి దానికి కనీసం ఇరవై నిమిషాలు, మొదటిసారైతే అర గంట కలపండి. ఆరు గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకు 8:32 చాలు, అందులో నడక కూడా ఇముడుతుంది. ఆ 30 తర్వాత దూరాన్ని కిలోమీటర్లుగా కాదు, తెలిసిన దారిగా లెక్కపెట్టండి. నేను గిరి ప్రదక్షిణ చివర్లో వచ్చే గోశాల, తొలిపావంచా అనుకుంటూ వెళ్ళాను.

మాట తడబడినా, దిక్కు తెలియకపోయినా, ఛాతీలో పట్టేసినట్టు ఉన్నా ఆగిపోండి, దగ్గరలోని వైద్య బృందాన్ని పిలవండి. పక్కన పరిగెత్తేవారిలో ఆ లక్షణాలు కనిపిస్తే మీ సమయం సంగతి మరచిపోండి.

ఏడు: గీత దాటాక

వెంటనే కూలబడకండి, రక్తం కాళ్ళలోకి దిగి కళ్ళు తిరుగుతాయి. పది నిమిషాలు నడవండి. తడి బట్టలు మార్చుకోండి. గంటలోపు ఏదైనా ఉప్పగా, ఏదైనా తియ్యగా తినండి. నల్లబడిన కాలిగోరును పీకకండి, దానంతట అదే ఊడుతుంది, కొత్తది రావడానికి నెలలు పడుతుంది. వారం పాటు పరుగు వద్దు, తర్వాతి రెండు వారాలు సరదాకు మాత్రమే.

రెండు మూడు రోజులు మెట్లు ఎక్కగలరు కానీ దిగలేరు. నాకు ఇది తెలియదు. మారథాన్ పూర్తయితే మెట్లదారిలో కొండకు వస్తానని మొక్కుకుని, మరునాడు సోమవారమే సింహాచలం వెళ్ళాను. దర్శనం బాగానే అయింది. దిగేటప్పుడు గోడ పట్టుకుని, వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టూ చిన్నపిల్లలా దిగుతుంటే ఎక్కుతున్నవాళ్ళు ఇదేదో కొత్తరకం మొక్కు అనుకుని దణ్ణం పెట్టారు. మీరూ మొక్కుకుంటే పైవారానికి పెట్టుకోండి, సింహాద్రి అప్పన్న ఏమీ అనుకోడు.